పెద్ద టేబుల్‌లో పాత రోలను బ్యాచ్‌లుగా డిలీట్ చేయడం: లిమిట్ పెట్టినా ఎందుకు నెమ్మదిస్తుంది?

8 కోట్ల రోలున్న లాగ్ టేబుల్‌లో 2022కి ముందువన్నీ తీసేయాలి, ఒకే డిలీట్ కొడితే అప్లికేషన్ బిగుసుకుపోతోంది, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఈ మూడు డేటాబేస్‌లలోనూ నడిచే దారి చెప్పమన్నారు.

ముందు సింటాక్స్ సంగతి తేల్చేద్దాం. మైఎస్‌క్యూఎల్‌లో డిలీట్ చివర ఆర్డర్ బై, లిమిట్ 5000 నేరుగా పెట్టొచ్చు. ఒకే టేబుల్ అయితేనే సుమా, జాయిన్ కలిపితే లిమిట్ ఒప్పుకోదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డిలీట్ టాప్ (4000). ఆ 4000 ఊరికే చెప్పింది కాదు: ఒకే స్టేట్‌మెంట్ ఒక టేబుల్ మీద 5000 లాక్‌ల (ఇతరులు మార్చకుండా రోకు వేసే తాళాలు) దాకా పోగేస్తే సర్వర్ వాటిని మొత్తం టేబుల్ లాక్‌గా మార్చేయొచ్చు, అప్పుడు మీ అప్లికేషన్ మళ్లీ ఆగుతుంది. పోస్ట్‌గ్రెస్ డిలీట్‌కు లిమిట్ అసలు లేదు. సబ్‌క్వెరీలో లిమిట్‌తో 5000 ఐడీలు ఎంచుకుని, బయట వాటిని డిలీట్ చేయాలి. రెండు జాబ్‌లు ఒకేసారి నడుస్తుంటే ఆ సబ్‌క్వెరీకి ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్‌డ్ తగిలించండి (పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 9.5 నుంచి ఉంది), ఒకదాని కోసం ఒకటి కాచుక్కూర్చోవు.

అసలు తంటా ఇది కాదు. లిమిట్ లూప్‌లో మొదటి బ్యాచ్‌లు చకచకా అయిపోతాయి, పోనుపోను నత్తనడక పడుతుంది. డిలీట్ చేసిన రో అప్పటికప్పుడు మాయమవదు. పోస్ట్‌గ్రెస్‌లో వ్యాక్యూమ్ అనే శుభ్రం చేసే పని వచ్చేదాకా, ఇన్నోడీబీలో (మైఎస్‌క్యూఎల్ మామూలుగా వాడే స్టోరేజ్ ఇంజిన్) పర్జ్ అనే అలాంటి పనే అయ్యేదాకా అక్కడే పడి ఉంటుంది. ప్రతి బ్యాచ్ మొదటి నుంచి మొదలై ఆ చచ్చిన రోలన్నీ దాటుకుంటూ వెళ్లాలి. పైగా ఎవరో పొద్దున తెరిచిన ట్రాన్సాక్షన్ మూయకుండా వదిలేస్తే ఈ శుభ్రం చేసే పని కూడా ముందుకు సాగదు.

కాబట్టి కీ మీద ముందుకు నడవండి. ప్రైమరీ కీ (ప్రతి రోను విడిగా గుర్తించే ఐడీ) పెరుగుతూ పోయే నంబరైతే, తేదీ షరతుకు సరిపోయే గరిష్ఠ ఐడీని ఒక్కసారి కనుక్కుని పెట్టుకోండి. తర్వాత ఐడీ > 0, ఐడీ <= 4000, తేదీ < '2022-01-01'; ఆ తర్వాత 4000 నుంచి 8000; ఇలా. ఏ బ్యాచ్ వెనక్కి చూడదు. లిమిట్, టాప్ ఏవీ లేవు గనుక ఇదే వాక్యం మూడింట్లోనూ నడుస్తుంది. ఒక్క జాగ్రత్త: ఐడీల్లో ఖాళీలుంటే కొన్ని బ్యాచ్‌లు 0 రోలు తీస్తాయి, అది చూసి లూప్ ఆపేయకండి. గరిష్ఠ ఐడీ దాటినప్పుడే ఆపాలి. కీ జీయూఐడీ (వరుస లేని యాదృచ్ఛిక ఐడీ) అయితే తేదీ కాలమ్‌కు ఇండెక్స్ వేసి, తేదీల్ని ఒక్కో గంట ముక్కలుగా కోసుకుంటూ నడవడమే.

ప్రతి బ్యాచ్ తర్వాత నిజంగా కమిట్ (మార్పు ఖాయం) అవుతోందో లేదో చూసుకోండి. పైథాన్ డ్రైవర్లలో ఆటోకమిట్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. కమిట్ మరిచిపోతే వేల బ్యాచ్‌లు కలిసి మళ్లీ ఒకే పెద్ద డిలీట్ అయి కూర్చుంటాయి. పోస్ట్‌గ్రెస్ ప్రొసీజర్‌లో మధ్యలో కమిట్ చేయాలంటే వెర్షన్ 11 గానీ ఆపైది గానీ ఉండాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఫుల్ రికవరీ మోడ్‌లో ఉంటే మధ్యమధ్య ట్రాన్సాక్షన్ లాగ్ (సర్వర్ మార్పులన్నీ రాసుకునే ఫైలు) బ్యాకప్ జరగాలి, లేదంటే ఎంత చిన్న బ్యాచ్ పెట్టినా లాగ్ ఫైలు ఉబ్బుతూనే ఉంటుంది. రెప్లికా (అసలు సర్వర్‌ను అనుసరించే నకలు సర్వర్) ఉంటే బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య అర సెకను ఆగి, అది ఎంత వెనకబడిందో చూస్తూ సాగండి.

4000 రోలకే నిమిషాలు పడుతుంటే ఫారిన్ కీ (ఒక టేబుల్ కాలమ్ మరో టేబుల్ రోను సూచించే లంకె) మీద అనుమానపడండి. ఈ టేబుల్‌ను సూచించే చైల్డ్ టేబుల్ కాలమ్‌కు ఇండెక్స్ లేకపోతే, తీసే ప్రతి రోకూ చైల్డ్ టేబుల్ మొత్తం వెతకాల్సి వస్తుంది. ఇన్నోడీబీ ఆ ఇండెక్స్ తనే వేసుకుంటుంది, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ వేయవు.

8 కోట్లలో 7 కోట్లు పోయేవే అయితే నేనైతే డిలీట్ జోలికే పోను. రాత్రి రాతలు ఆపగలిగే సమయం చూసుకుని, మిగలాల్సిన కోటిని కొత్త టేబుల్‌లోకి కాపీ చేసి పేర్లు మార్చేస్తాను. అలా చేస్తే డిస్క్ కూడా ఖాళీ అవుతుంది. డిలీట్ చేస్తే ఫైలు సైజు దాదాపు అంతే ఉంటుంది, ఆ చోటు కొత్త రోలకు మాత్రమే పనికొస్తుంది.