ఆకులేమో గుబురుగా, దుంపలేమో గోలీలంత

సంచిలో వేసిన బంగాళాదుంప మొక్కలు నడుమెత్తు పెరిగినా, తవ్వితే గోలీలంత దుంపలు నాలుగే దొరికాయని, వాటిలోనూ రెండు పచ్చబడ్డాయని మీరు రాశారు. వారం వారం మీరు వేసిన నత్రజని ఎరువే ఆకును పెంచి దుంపను ఆపిందని నా అభిప్రాయం. దానికి తోడు, మట్టి వేడి 30 డిగ్రీలకు చేరితే దుంప ఊరడం దాదాపు నిలిచిపోతుంది కనుక, ఆ నల్ల సంచిని మధ్యాహ్నపు ఎండ తగలని చోటికి జరపండి. ఈసారి 40 లీటర్ల సంచిలో రెండు విత్తన దుంపలకు మించకుండా నాటి, మొక్క జానెడు ఎదిగినప్పుడల్లా పై ఆకులు మాత్రమే కనిపించేలా కాండం చుట్టూ మట్టి ఎగదోయండి. కొత్త దుంపలు విత్తన దుంపకు పైన, కాండం నుంచి పక్కలకు సాగే తెల్లని సన్నటి కాడల కొసన ఊరతాయి. వాటికి వెలుగు తగిలితే పచ్చబడతాయి. అన్నట్టు, పచ్చబడిన ఆ రెండింటినీ వండకండి, వాటిలోని సొలనిన్ అనే విషపదార్థం ఉడికించినా పోదు.