ఫార్మాట్ కొట్టేముందు పాత డిస్కు పక్కన పెట్టండి

ప్రశ్న: చిక్కడపల్లిలో మా నాన్నగారికి డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తారు. కంప్యూటర్‌లో విండోస్ 10, 1 టీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. ఈమధ్య పేజ్‌మేకర్ తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోంది. సర్వీసు అబ్బాయి వచ్చి చూసి, ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించాలన్నాడు. డెస్క్‌టాప్ మీదున్నవి పెన్‌డ్రైవ్‌లోకి తీసిస్తాడట. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్కు) వేయించుకుని, పాత డిస్కు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయమంటున్నాడు. నాన్నగారు టెన్షన్ పడుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: ఎస్‌ఎస్‌డీ వేయించండమ్మా, ఆ సలహా మంచిదే. పాత డిస్కును మాత్రం ఇప్పుడే ఫార్మాట్ చేయనివ్వకండి, ఎవరికీ ఇవ్వకండి. విండోస్ ఎక్కేది కొత్త ఎస్‌ఎస్‌డీ మీద కాబట్టి పాతదాన్ని ఇప్పుడు తుడవాల్సిన పనే లేదు. నాన్నగారు కొత్తదాని మీద ఓ నెల రోజులు దుకాణం నడిపి, ఇక పాతదాంతో పనిలేదని ఆయనే చెప్పాలి. తుడవడం ఆ తర్వాతి మాట.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సర్వీసు బల్ల దగ్గర కూర్చునేవాణ్ని. డీటీపీ వాళ్ల కంప్యూటర్లు నా దగ్గరికి చాలా వచ్చేవి. వాళ్ల బతుకుతెరువు ఎక్కడుంటుందో డెస్క్‌టాప్ చూస్తే తెలియదు. ఓ పెద్దాయన వేరేచోట ఫార్మాట్ చేయించుకుని, జాబులన్నీ, అంటే చేసిన పనుల ఫైళ్లన్నీ, భద్రంగా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వచ్చారు. శుభలేఖ ఫైలు తెరిస్తే 'శ్రీరస్తు శుభమస్తు' ఉండాల్సినచోట నెత్తిన టోపీలు, చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాల వరస కనిపించింది. ఫైలు పోలేదు, ఫాంటు పోయింది. అనూ ఫాంట్లతో కొట్టిన మ్యాటరు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు.

అందుకని ముందు ఫాంట్లు కాపీ చేసుకోండి. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో ఫాంట్స్. విండోస్ 10లో మరో చోటు కూడా చూడాలి. ఒక్క యూజర్ కోసమే వేసుకున్న ఫాంట్లు ఆ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ అనే దారిలో దాక్కుంటాయి. యాప్‌డేటా మామూలుగా కనపడదు, వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ చేయండి. అనూ స్క్రిప్ట్ మేనేజర్ సీడీ, దానికి లాకు (కంప్యూటర్‌కి తగిలించే డాంగిల్) ఉంటే ఆ లాకు, పేజ్‌మేకర్ సీడీ, సీరియల్ నంబరు... ఇవన్నీ చేతికందాకే కొత్త విండోస్ సంగతి చూడండి. విండోస్ 11 వచ్చేది 64 బిట్‌లోనే. 16 బిట్ కాలం నాటి ఇన్‌స్టాలర్లు దానిమీద సాధారణంగా నడవవు. పాత డిస్కు పక్కన పెట్టమనడానికి ఇదొక్కటే చాలు.

పేజ్‌మేకర్‌తో ఇంకో చిక్కుంది. ఫైల్‌లో ఫొటోకి బదులు ఆ ఫొటో ఉన్న దారి మాత్రమే ఉండవచ్చు. జాబులు ఇప్పుడు డి డ్రైవ్‌లో ఉంటే, కొత్త ఏర్పాటులోనూ వాటికి డి అనే అక్షరమే ఇవ్వండి, ఫోల్డర్ల పేర్లు మార్చకండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అక్షరం మార్చుకోవచ్చు. టాలీ వాడుతుంటే డేటా పాత్ ఎక్కడికి పోతోందో టాలీలోనే చూసి, ఆ ఫోల్డర్ మొత్తం తీసుకోండి.

డిస్కు నెమ్మదించడం జబ్బుకి సూచన కూడా కావచ్చు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో 'కాషన్' అని పసుపు రంగు కనిపిస్తే, మిగతావన్నీ ఆపి ఆ రోజే ఎక్స్‌టర్నల్ డిస్కులోకి జాబులు కాపీ చేసుకోండి.

ఇక ఎక్కించడం. 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని, మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో దాన్ని విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్‌గా తయారుచేయాలి. అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ఖాళీదే ఇవ్వండి. కేబినెట్ తెరిచాక పాత డిస్కు సాటా కేబుల్ తప్పనిసరిగా పీకేయమనండి. దాన్ని అలాగే ఉంచితే, విండోస్ బూట్ భాగాన్ని పాతదాని మీద పెట్టేసే అవకాశం ఉంది. నెల తర్వాత పాత డిస్కు తీసేసినరోజు కంప్యూటర్ లేవదు. కేబుల్ పీకేస్తే పొరపాటున పాత డిస్కు మీద డిలీట్ నొక్కే ప్రమాదమూ ఉండదు. కీ అడిగినచోట 'ఐ డోంట్ హావ్ ఎ ప్రాడక్ట్ కీ' నొక్కండి. మదర్‌బోర్డ్ అదే ఉండి, ఇంతకుముందున్నది అసలు విండోసే అయితే, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

విండోస్ 10కి మామూలు సపోర్టు 14 అక్టోబర్ 2025తో ఆగిపోయింది. 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతోపాటు ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు 8వ జనరేషన్ నుంచి పైకి ఉండాలి. మీది అంతకన్నా పాతదైతే, 10లోనే ఉండి, మైక్రోసాఫ్ట్ అదనపు భద్రతా అప్‌డేట్లకు ఇంకా అవకాశం ఉంటే నమోదు చేసుకోండి.

నెల గడిచాక పాత డిస్కు సంగతి చూద్దాం. మీ దుకాణంలో ఎందరి ఆధార్ కార్డులు, పాస్‌పోర్టు ఫొటోలు స్కాన్ అయ్యుంటాయో ఒక్కసారి ఆలోచించండి. వాళ్లు మిమ్మల్ని నమ్మి ఇచ్చారు. క్విక్ ఫార్మాట్ ఆ ఫైళ్ల జాబితాను మాత్రమే తీసేస్తుంది, ఫైళ్లు అక్కడే ఉంటాయి. రికవరీ సాఫ్ట్‌వేర్ ఉన్న ఎవరైనా బయటికి తీస్తారు. ఎక్స్ఛేంజ్‌లో వచ్చే కొద్ది డబ్బు కోసం అలా ఇచ్చేయడం నాకైతే బొత్తిగా నచ్చదు.

తుడవాల్సినరోజు పాత డిస్కు మళ్లీ తగిలించి, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్క్‌పార్ట్ అని కొట్టి, లిస్ట్ డిస్క్ అనండి. 1 టీబీ డిస్కు అక్కడ 931 జీబీగా, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ 238 జీబీగా కనిపిస్తుంది. 931 పక్కనున్న నంబరు చూసి సెలెక్ట్ చేసి, 'క్లీన్ ఆల్' కొట్టండి. ఒట్టి 'క్లీన్' అంటే పార్టిషన్ల వివరం మాత్రమే పోతుంది. 'ఆల్' ఉంటే డిస్కు మొత్తం మీద సున్నాలు రాస్తుంది. లోపలి సాటా కేబుల్‌తో దాదాపు మూడు గంటలు, పాత యూఎస్‌బీ 2.0 మీద రాత్రంతా పడుతుంది. 35 సార్లు తుడవాలని కొందరంటారు. అది 1996లో పీటర్ గుట్‌మన్ రాసిన పేపర్ నుంచి వచ్చిన లెక్క. ఇప్పటి హార్డ్‌డిస్కులకు ఒక్కసారి చాలు. టకటకమని చప్పుడు చేస్తున్న డిస్కయితే పూర్తిగా తుడవడం కుదరదు. దాన్ని అమ్మకండి, లోపలి పళ్లేలకు డ్రిల్లింగ్ మెషీన్‌తో రంధ్రాలు పెట్టించండి.

ప్రశ్న: లాప్‌టాప్ మా అన్నయ్య కొడుక్కి ఇద్దామని ఎస్‌ఎస్‌డీ తుడవబోతే, నీలం స్క్రీన్ మీద 48 అంకెల కీ అడుగుతోంది. నా దగ్గర ఏ కీ లేదు.
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: అది బిట్‌లాకర్ రికవరీ కీ అండీ. డిస్కులోని డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసినట్టు ఉంచే విండోస్ ఏర్పాటే బిట్‌లాకర్. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వేరే ఫోన్‌లో లాగిన్ అయి చూడండి, సాధారణంగా అక్కడ దాచి ఉంటుంది. లోపల మీకు కావాల్సినవి ఉంటేనే ఆ కీతో పని. ఏమీ అక్కర్లేకపోతే విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పార్టిషన్లన్నీ డిలీట్ చేసి, కొత్తగా ఎక్కించండి. ఎన్‌క్రిప్ట్ అయిన డేటా కీ లేకుండా ఎవరికీ అర్థం కాదు. ఎస్‌ఎస్‌డీ మీద 'క్లీన్ ఆల్' వద్దు. ఎస్‌ఎస్‌డీ ఎక్కడ రాయాలో తనే మార్చుకుంటూ ఉంటుంది, కాబట్టి పైనుంచి రాసే సున్నాలు అన్ని చోట్లకీ చేరతాయని చెప్పలేం. తయారీ కంపెనీ టూల్‌లోగానీ బయోస్‌లోగానీ సెక్యూర్ ఎరేజ్ ఉంటే అది వాడండి. అబ్బాయికి ఇచ్చేముందు మీ అకౌంట్‌లోని డివైసెస్ జాబితాలోంచి ఆ లాప్‌టాప్‌ను తీసేయండి.