బుజ్జి తినడం లేదని బెంగపెట్టుకున్న లలితకు

పురసవాక్కం,
చెన్నై.

చి. సౌ. లలితకు,
పెద్దమ్మ ఆశీస్సులు.

మీ కుక్క బుజ్జి తిండి తినడం లేదని నాలుగు పేరాలు రాశావు. అందులో నాకు పనికొచ్చిన వాక్యం ఒకటే: డాగ్ ఫుడ్ గింజలు పెడితే మొహం తిప్పుకుంటుంది, ఉడికించిన చికెన్ ముక్క చూపిస్తే ఎగిరి గంతేస్తుంది. అయితే సగం బెంగ తీసి పక్కన పెట్టు. జబ్బు చేసిన కుక్క చాలావరకు చికెన్‌ను కూడా వాసన చూసి వదిలేస్తుంది. గింజలు వద్దు, చికెనే కావాలంటే అది మంకుపట్టు, ఆ మంకుపట్టు నేర్పింది మీ ఇంటిల్లిపాదీ. దీనికి ఒక మినహాయింపు ఉంది, పంటి నొప్పి. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు బుజ్జికి ఎంత తిండి కావాలో తెలుసుకో. పొమేరేనియన్ అని అమ్మారు కాబట్టి ఆ జాతి పట్టికలు చూసి పెడుతున్నానన్నావు. అసలు పొమేరేనియన్ మూడు కిలోలు దాటడం అరుదు. మన దేశంలో ఆ పేరుతో అమ్మే తెల్ల బొచ్చు కుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. ఐదు కిలోలు తూగే మీ బుజ్జి కూడా అదే అయి ఉంటుంది. అందులో తప్పేమీ లేదు, మన ఎండలకు అదే కాస్త గట్టిది. కాకపోతే లెక్క జాతిని బట్టి కాకుండా బరువును బట్టి వేయాలి. డాక్టర్లు వేసే లెక్క ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, ఐదు కిలోలు తూగే ఎదిగిన కుక్కకు రోజుకు సుమారు 370 కిలో కేలరీలు చాలు. మామూలు గింజలు 100 గ్రాముల్లో దాదాపు అంతే ఉంటుంది. ప్యాకెట్ వెనక రాసి ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకుని చదువు.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి రా. పొద్దున కాఫీ వేళ మీ మామగారు మారీ బిస్కెట్లు మూడు. ఒక్కో బిస్కెట్ దాదాపు 25 కిలో కేలరీలు, అంటే 75 అక్కడే అయిపోయాయి. టిఫిన్ దగ్గర మీ అత్తగారి చేతి ఇడ్లీ ఒకటి, అదో 50. మధ్యాహ్నం నెయ్యి వేసిన పప్పన్నం నాలుగు ముద్దలు, బడి నుంచి వచ్చిన చిన్నవాడు టేబుల్ కింద జారవిడిచే సగం చపాతీ, రాత్రి మీ ఆయన పళ్లెంలో మిగిలిన పెరుగన్నం. ఇవన్నీ కలిపితే ఎంత తక్కువ వేసుకున్నా 300 దాటుతుంది. సాయంత్రం ఏడింటికి నువ్వు గిన్నె నిండా గింజలు పోసి, ‘తినడం లేదు’ అని నాకు ఫోటో పంపుతున్నావు. పాపం, ఇంక ఎక్కడ పెట్టుకుంటుంది? మనకు ఒక బిస్కెట్ లెక్కలోకి రాదు. ఐదు కిలోల ప్రాణికి అది రోజు తిండిలో పదిహేనో వంతు.

పై తిండి ఏదైనా రోజు మొత్తంలో పదో వంతు మించకూడదని పశువైద్యులు చెబుతారు. బుజ్జి విషయంలో అంటే ఒకటిన్నర మారీ బిస్కెట్. మామగారికి బిస్కెట్ పెట్టడంలోనే ఆనందం ఉంటే మానిపించకు. రోజుకు ఒక్క బిస్కెట్, అదీ ఎనిమిది ముక్కలు చేసి ఆయన చేతికే ఇవ్వు. కుక్కకు ఎంత పెద్ద ముక్క అన్నది పట్టదు, ఎన్నిసార్లు చెయ్యి చాచారన్నదే పడుతుంది.

వేళల మాట. రెండేళ్ల కుక్కకు రెండు పూటలు చాలు. పొద్దున ఆరున్నర, సాయంత్రం ఏడు, మీకు వీలైన వేళ ఏదైనా ఫరవాలేదు, రోజూ అదే ఉంటే సరి. పూటకు 45 గ్రాములు తూకం వేసి పెట్టు. కప్పుతో కొలిస్తే ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కొలత అవుతుంది. వంటింటి తూకం లేకపోతే కొనుక్కో, చిన్న కుక్క ఉన్న ఇంట్లో అది తప్పదు. నడకకు తీసుకెళ్లి వచ్చాక గిన్నె పెట్టు. పెట్టి అక్కడి నుంచి వెళ్లిపో. అందరూ చుట్టూ చేరి ‘తినమ్మా, ఒక్క ముద్ద’ అని బతిమాలితే అదేదో ఆటనుకుంటుంది. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు చూడు. తిన్నా తినకపోయినా గిన్నె తీసేయి. కోప్పడవద్దు, జాలి మాటలూ వద్దు. మళ్లీ పూట వచ్చేదాకా నీళ్లు తప్ప ఏమీ పెట్టకు.

మొదటి రోజు బుజ్జి నీ వైపు చూసే చూపుకు రాయైనా కరుగుతుంది. నీ సంగతి ఎలా ఉన్నా, మీ అత్తగారు కరిగితే మొత్తం పని మొదటికి వస్తుంది. అందుకే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ముందే చెప్పు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక పూట మానేస్తే ఏమీ కాదు, రెండో పూటకు చాలావరకు దారికి వస్తాయి. కానీ పూర్తిగా 24 గంటలు ఏమీ ముట్టకపోతే పంతం మాట పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లు. పొద్దున్నే ఖాళీ కడుపుతో పసుపుపచ్చ నురగ కక్కుకుంటే మాత్రం రెండు పూటల మధ్య ఎడం ఎక్కువైందేమో చూడు. అదే తిండిని మూడు భాగాలు చేసి, చివరిది పడుకునే ముందు పెట్టు. అయినా తగ్గకపోతే చూపించాల్సిందే.

వారానికో కొత్త బ్రాండు మారుస్తున్నావని రాశావు. అది మానేయి. నచ్చకపోతే కొత్తది వస్తుందని బుజ్జికి అర్థమైపోయింది, పైగా కడుపు పాడవుతుంది. మార్చాల్సి వస్తే పాత దాంట్లో పావు వంతు కొత్తది కలిపి మొదలుపెట్టి, వారం పది రోజుల్లో పూర్తిగా మార్చు. గింజలు మరీ చప్పగా అనిపిస్తున్నాయేమోనన్న దిగులుంటే రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు చల్లి ఐదు నిమిషాలు ఆగు. వేడికి వాసన లేస్తుంది. కుక్క నాలుకతో కన్నా ముక్కుతోనే ఎక్కువ రుచి చూస్తుంది. రోజూ చికెన్ పులుసు పోయడం కన్నా ఇది మేలు.

చెన్నైలో ఉండే చిక్కు ఒకటుంది, బెంగళూరులో ఉన్న మీ అక్కకు అది తెలియదు. ఇక్కడి గాలిలో చెమ్మ. సంచి విప్పిన పది రోజులకే గింజలు మెత్తబడతాయి, వాటిలోని కొవ్వు కాస్త ముక్కిన వాసన వేస్తుంది. మనకు తెలియదు, దాని ముక్కుకు తెలుస్తుంది. చవకని పది కిలోల సంచి కొనవద్దు. కిలో, కిలోన్నర సంచి తెచ్చి, ఆ సంచిని అలాగే మూతి మడిచి మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో పెట్టు, నెలలో అయిపోవాలి. రెండోది చీమలు. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి అందులో గిన్నె నిలబెట్టు. ఎర్రచీమ ఒక్కటి పెదవి మీద కుట్టిందంటే ఆ గిన్నె దగ్గరికి రావడానికే భయపడతాయి కొన్ని కుక్కలు.

ఇక మే నెల కత్తిరి ఎండల్లో ఏ కుక్కైనా కాస్త తక్కువే తింటుంది. అప్పుడు వేళలు జరుపు. తారు రోడ్డు చల్లగా ఉన్నప్పుడే, తెల్లవారకముందు నడిపించి అప్పుడే పెట్టు. రాత్రి తిండి ఎనిమిది దాటాక పెట్టు. నీళ్లు కలిపిన గింజలు ఆ వేడిలో అరగంటకు మించి బయట ఉంచకు, పులిసిపోతాయి.

‘మా ఊళ్లో కుక్కలు పెరుగన్నం తిని పన్నెండేళ్లు బతికాయి’ అని మీ అత్తగారు అన్నారట. వదినగారితో నా మాటగా చెప్పు, ఆ కుక్కలు పెరుగన్నంతో పాటు ఊరంతా తిరిగి దొరికిందల్లా తిన్నాయి. వేలచ్చేరి అపార్ట్‌మెంటు ఐదో అంతస్తులో ఉన్న బుజ్జికి ఆ వీలు లేదు. వేడిలో కాస్త పెరుగు మంచిదే, ఒక చెంచా. పాలు మాత్రం ఎదిగిన కుక్కల్లో చాలావాటికి అరగవు, విరేచనాలవుతాయి. అచ్చంగా అన్నం, చికెన్ పెడితే కాల్షియం చాలదు. ఇంటి వంటే పెట్టాలనుకుంటే డాక్టరును అడిగి కొలతలు, కలపాల్సిన మందులు రాయించుకుని పెట్టు. ఊహించి పెట్టవద్దు.

పెట్టకూడనివి మాత్రం ఫ్రిజ్ తలుపు మీద అంటించు. ఉల్లి, వెల్లుల్లి, అందుకే సాంబారు ఇడ్లీ వద్దు. చాక్లెట్. ద్రాక్ష, ఎండుద్రాక్ష, అంటే పండగ రోజు పాయసంలో, కేసరిలో వేసే కిస్‌మిస్ కూడా. చక్కెర లేని చూయింగ్ గమ్ములలో వేసే జైలిటాల్ చాలా ప్రమాదం. ఉడికించిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. నూనె కారే వేపుళ్లు ఒక్కసారి ఎక్కువ తిన్నా చిన్న కుక్కలకు క్లోమం వాచి ప్రాణం మీదికి రావచ్చు.

ఇక పంటి సంగతి. చిన్న జాతి కుక్కలకు నోరు ఇరుకు, పళ్లు కిక్కిరిసి ఉంటాయి. పాల కోరపళ్లు ఊడకుండా కొత్తవాటి పక్కనే నిలిచిపోవడం వీటిలో మామూలే. సందుల్లో పాచి పట్టి చిగుళ్లు వాస్తాయి. గిన్నె దగ్గరికి ఆశగా వచ్చి, ఒక గింజ నోట పెట్టుకుని, తల ఒక పక్కకు వంచి జారవిడిచేస్తే అది పంతం కాదు, నొప్పి. మెత్తని చికెన్ మాత్రం తింటుంది కాబట్టి పొరపాటు పడతాము. ఈ రాత్రే పై పెదవి ఎత్తి వెనక దంతాల దగ్గర చూడు. గోధుమరంగు గార, చిగురు అంచున ఎర్రటి గీత కనిపిస్తే గిన్నె తీసేసే పద్ధతి మొదలుపెట్టకు, ముందు పళ్లు చూపించు.

మరొకటి, గోమార్లు. వానలు పడ్డాక ఈ ఊళ్లో గోమారి జ్వరాలు ఎక్కువ. నిన్నటిదాకా బాగా తిన్నది ఉన్నట్టుండి మానేసి, మూల పడుకుని, చిగుళ్లు తెల్లబారితే అనుమానించు. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మన 98.6తో పోల్చుకుని జ్వరమని హడావిడి పడవద్దు, 103 దాటితే మాత్రం ఆగవద్దు. మీ పేటలో డాక్టరు దొరకకపోతే మా ఇంటికి దగ్గరలోనే వేపేరిలో మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, 1903 నుంచి నడుస్తున్న కళాశాల అది. పొద్దున్నే వస్తే నేనూ తోడు వస్తాను.

మీ ఆడపడుచు రెండు నెలల కుక్కపిల్లను తెస్తోందన్నావు కదా. పైన చెప్పిన గిన్నె తీసేసే పద్ధతి దానికి బొత్తిగా పనికిరాదు, ఆ అమ్మాయికి గట్టిగా చెప్పు. అంత చిన్న పిల్లల ఒంట్లో చక్కెర నిల్వ పెద్దగా ఉండదు. కొన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంటే చాలు, తూలిపోవడం, వణకడం, మగతగా పడిపోవడం మొదలవుతుంది. రోజుకు నాలుగు పూటలు పెట్టాలి, చివరిది పడుకునే ముందు. మూడు నెలలు దాటాక మూడు పూటలు, ఆరు నెలలు దాటాక రెండు, మరీ చిన్న జాతి అయితే ఇంకొన్నాళ్లు మూడే ఉంచవచ్చు. తూలుతున్నట్టు కనిపిస్తే కాస్త తేనె గాని చిక్కని చక్కెర నీళ్లు గాని వేలితో చిగుళ్లకు రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహ తప్పితే గొంతులో ఏమీ పోయకూడదు. అమ్మినవాళ్లు ఏ తిండి పెట్టారో అడిగి, మొదటి వారం అదే పెట్టమను. నాలుగైదు నెలలు వచ్చేసరికి పిల్ల ఎదుగుదల నెమ్మదించి ఆకలి తగ్గుతుంది. చాలామంది అప్పుడే కంగారుపడి చికెన్‌తో బతిమాలడం మొదలుపెడతారు. బుజ్జి కథ కూడా అక్కడే మొదలై ఉంటుంది.

బుజ్జి తగ్గిందో పెరిగిందో గిన్నెను చూస్తే తెలియదు. అరచేతులతో రెండు పక్కలా నిమురు. సన్నని పొర కింద పక్కటెముకలు చేతికి తగలాలి, పైనుంచి చూస్తే నడుము కాస్త లోపలికి ఉండాలి. బొచ్చు దట్టం కాబట్టి కంటిని నమ్మకు, చేతినే నమ్ము. పదిహేను రోజులకోసారి క్లినిక్ తూకం మీద నిలబెట్టి బరువు క్యాలెండర్ మీద రాసిపెట్టు. మొదటి తూకం ఈ శనివారమే వేయించి, ఆ అంకె, పళ్ల సంగతి నాకు ఫోన్ చేసి చెప్పు. అప్పుడు పూటకు 45 గ్రాములు ఉంచాలో తగ్గించాలో చూద్దాం.

మీ
పెద్దమ్మ