డెల్ఫీలో రాళ్ళు తప్ప ఏముంది? - పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వచ్చే నెల గ్రీస్ వెళ్తున్నాం మేడం, ఏథెన్స్‌లో నాలుగు రోజులు ఉంటాం. అందులో ఒక రోజు, అపోలో అనే గ్రీకు దేవుడి పాత గుడి శిథిలాలున్న డెల్ఫీ వెళ్దామని మావారు అంటున్నారు. ఫోటోలు చూస్తే విరిగిన స్తంభాలు, రాళ్ళ గుట్టలే కనిపిస్తున్నాయి, దానికోసం రానూపోనూ ఆరు గంటలు బస్సులో కూర్చోవాలా అని నేను. మీరేమంటారు?

జవాబు: వెళ్ళండమ్మా, తప్పకుండా వెళ్ళండి, కాకపోతే పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసేలా కాకుండా ఒక రాత్రి అక్కడే ఉండేలా చూసుకోండి. ఏథెన్స్ నుంచి దాదాపు 180 కిలోమీటర్లు, మూడు గంటలు పడుతుంది, పక్కనే డెల్ఫీ అనే చిన్న ఊరుంది, అక్కడ్నుంచి శిథిలాలకి నడిచే వెళ్ళొచ్చు. ఏథెన్స్ నుంచి టూర్ బస్సులు వచ్చేలోపు, అంటే గేటు తీయగానే లోపలికి వెళ్తే పార్నసస్ కొండ, కింద లోయలో సముద్రం దాకా పరుచుకున్న ఆలివ్ తోటలు, మీరు, అంతే.

మీరన్నది నిజమే, అపోలో గుడికి ఇప్పుడు నిలబడి ఉన్నవి ఆరు స్తంభాలే, అవి కూడా పడిపోయినవాటిని 20వ శతాబ్దంలో మళ్ళీ నిలబెట్టినవే. అసలు 1892లో ఫ్రెంచి వాళ్ళు తవ్వకాలు మొదలుపెట్టేదాకా ఈ గుడి మీద కాస్త్రి అని ఒక ఊరే ఉండేది, ఆ ఊరిని మొత్తం పక్కకి తరలించాకే గుడి బయటపడింది. ఇప్పుడున్న ఊరు అలా వచ్చిందే.

కానీ నేను మిమ్మల్ని వెళ్ళమనేది స్తంభాల కోసం కాదు, గుడి కింద ఉన్న ఒక గోడ కోసం. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ ఆ గోడని చూడకుండానే పైకి వెళ్ళిపోయాను, అందరూ అలాగే వెళ్ళిపోతారు, రెండోసారి వెళ్ళినప్పుడు దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. గుడి అరుగు జారిపోకుండా క్రీ.పూ. 6వ శతాబ్దంలో కట్టిన గోడ అది, రాళ్ళు చతురస్రంగా ఉండవు, ఒకదాని వంపులోకి ఇంకొకటి ఒదిగిపోయి ఉంటాయి. దగ్గరికెళ్ళి చూస్తే రాళ్ళ మీద చీమల బారులాగా సన్నటి అక్షరాలు. అవి దేవుడి స్తోత్రాలు అనుకుంటాం, కాదు, బానిసలకి విడుదల పత్రాలు! కట్టాక కొన్ని వందల ఏళ్ళకి, క్రీ.పూ. 200 ప్రాంతం నుంచి చెక్కడం మొదలుపెట్టారు, వందలకొద్దీ ఉన్నాయి. చట్టం ప్రకారం బానిస తనని తాను కొనుక్కోలేడు కాబట్టి అపోలో దేవుడే కొన్నట్టు రాసేవాళ్ళు, డబ్బు మాత్రం చాలాసార్లు బానిస కూడబెట్టుకున్నదే. పేరు, ధర, సాక్షులు అన్నీ ఉంటాయి. రేపు ఎవరైనా వచ్చి నువ్వు నా బానిసవి అంటే చూపించడానికి అందరూ నడిచే దారిలో రాయి మీద చెక్కించుకున్నారన్నమాట. కొన్నిట్లో యజమాని చనిపోయేదాకా ఆ ఇంట్లోనే సేవ చెయ్యాలి అని షరతు కూడా ఉంటుంది, అంటే విడుదలైనా విడుదల కాలేదు, అది తెలిసినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాజులు ఈ గుడికి ఇచ్చిన బంగారం ఎప్పుడో పోయింది, వీళ్ళ పేర్లు ఇంకా ఉన్నాయి.

ప్రశ్న: అక్కడ పూజారిణి నేలలోంచి వచ్చే గ్యాస్ పీల్చి మత్తులో జోస్యం చెప్పేదట, నిజమేనా?

జవాబు: ఆమెని పిథియా అనేవాళ్ళు, మూడు కాళ్ళ పీట మీద కూర్చుని అపోలో మాట చెప్పేది. ప్లూటార్క్ అనే రచయిత స్వయంగా ఆ గుడిలో పూజారిగా పనిచేశాడు, లోపల ఒక్కోసారి సువాసన వచ్చేదని ఆయన రాశాడు. ఫ్రెంచి వాళ్ళు తవ్వినప్పుడు పాత కథల్లో చెప్పిన పెద్ద పగులేదీ దొరక్కపోయేసరికి గ్యాస్ కథంతా ఉత్తదే అనుకున్నారు. తర్వాత 2001లో కొందరు శాస్త్రవేత్తలు గుడి కింద భూమిలో చీలికలు కలుస్తున్నాయి, ఇథిలీన్ లాంటి మత్తెక్కించే వాయువు వచ్చి ఉండొచ్చు అన్నారు, దాన్ని ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు, కాబట్టి తేలిపోయింది అని ఎవరన్నా చెప్తే నమ్మకండి. నన్నడిగితే గ్యాస్ ఒక్కదానితో ఇన్ని వందల ఏళ్ళు గుడి నడవదు. దేశదేశాల నుంచి మనుషులు వచ్చి వరసలో నిలబడేవాళ్ళు, వాళ్ళ కబుర్లన్నీ పూజారుల చెవిన పడేవి, ఏ ఊళ్ళో ఏం జరుగుతోందో డెల్ఫీకి తెలిసినంత ఇంకెవరికీ తెలిసుండదు అని నాకనిపిస్తుంది.

ప్రశ్న: మా అమ్మకి 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఎక్కగలదా?

జవాబు: మొత్తం ఎక్కడం కష్టమే బాబూ. దారంతా ఏటవాలు, రాళ్ళు నున్నగా అరిగిపోయి జారుతాయి, నీడ తక్కువ. నెమ్మదిగా గుడి దాకా తీసుకెళ్ళు, గోడ గుడి కిందే కాబట్టి అదీ చూసేస్తారు. థియేటరు ఇంకా పైన, పరుగుపందేలు జరిగిన స్టేడియం అన్నిటికన్నా పైన, అవి నువ్వొక్కడివే వెళ్ళి చూసిరా, ఈలోపు అమ్మని మ్యూజియంలో కూర్చోబెట్టు, పక్కనే ఉంటుంది, రెండిటికీ కలిపి ఒకటే టికెట్. అక్కడ రథసారథి కంచు విగ్రహం ఉంది, దాదాపు 2500 ఏళ్ళ నాటిది, నిలువెత్తు మనిషంత ఉంటుంది, 1896లో మట్టిలోంచి తీశారు. రథం, గుర్రాలు దాదాపుగా పోయాయి, చేతిలో పగ్గాల ముక్కలు మాత్రం మిగిలాయి. అమ్మని దాని ముఖం దగ్గరగా చూడమను, కనురెప్పల వెంట్రుకలు కూడా ఇంకా అలాగే ఉన్నాయి.