చూపు తక్కువైన బాబు లెక్కలు మానేయాలా? మా తమ్ముడితో మాకైన అనుభవం

పర్లాకిమిడి దగ్గర ఊరి నుంచి ఒకమ్మ అడిగారు. బాబు ఎనిమిదో తరగతి, ఒడియా మీడియం. పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదువుతాడు. తొమ్మిదిలో లెక్కలూ సైన్సూ వీడికి కష్టం, వాటిని నామమాత్రంగా కానిచ్చేద్దాం అని బడిలో అంటున్నారట. ఎవరో ఖరీదైన మాట్లాడే మిషను గురించి చెప్పారట. అప్పు చేసి కొనాలా అని ఆవిడ ప్రశ్న.

అప్పు చేయకండమ్మా. లెక్కలు మాత్రం వదిలించకండి.

మాది గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా తమ్ముడికి తొమ్మిదో ఏడు నుంచి చూపు తగ్గుతూ వచ్చి, ఏడో తరగతికి వచ్చేసరికి పూర్తిగా పోయింది. మాకూ ఇదే మాట చెప్పారు. "కూర్చుని వింటాడు లెండి, పాస్ చేసేస్తాం" అన్నారు. అమ్మ తల ఊపి వచ్చేసింది. ఆ రాత్రి వాడు నా దగ్గరికొచ్చి "అక్కా, నాకు భాగహారం వచ్చు కదా, ఎందుకు వద్దంటున్నారు?" అని అడిగాడు. నేను అప్పుడు డిగ్రీ రెండో ఏడాది. ఆ మర్నాటి నుంచి వాడికి లెక్కలు నేనే చెప్పాను.

ముందు చేతికి పని కల్పించాలి, మిషను తర్వాత. మొదట మాకు పనికొచ్చింది టేలర్ ఫ్రేమ్. అది ఒక పలక. దాని నిండా ఎనిమిది మూలల గుంటలుంటాయి. వాటిలో చిన్న సీసపు మేకుల్లాంటివి గుచ్చుతారు, వాటిని టైపులంటారు. టైపుకి ఒక చివర గట్టు, రెండో చివర రెండు చుక్కలు. ఏ మూలకి తిప్పి పెట్టామన్నదాన్ని బట్టి అది 3 అవుతుంది, 7 అవుతుంది, కూడిక గుర్తు అవుతుంది. ఒకే టైపుతో 16 గుర్తులు వస్తాయి. మనం కాగితం మీద అంకె కింద అంకె వేసినట్టే వాడు పలక మీద వేసుకుంటాడు, వేళ్లతో మళ్లీ చదువుకుంటాడు. ఒకసారి పెద్ద భాగహారం సగంలో ఉండగా పలక ఒళ్లోంచి జారి టైపులన్నీ నేలంతా దొర్లాయి. వాడు ఏమీ అనలేదు. నేల తడుముతూ ఒక్కొక్కటే ఏరుకుని మొదటి నుంచి వేశాడు. ఆ తర్వాత పలక కింద తడిగుడ్డ పరిచేవాళ్లం, జారకుండా. ఈ పలక మా బడి బీరువాలో కట్టు కూడా విప్పకుండా రెండేళ్లు పడి ఉందని తర్వాత తెలిసింది. అందుకే మీరు ముందు అడగాల్సిన ప్రశ్న "మా వాడి పేరు మీద ఏమైనా సామాను వచ్చిందా?" అన్నది. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద ఇలాంటి పిల్లల కోసం ఉండే రిసోర్స్ టీచర్ ఎవరో కనుక్కుని వారినే అడగండి.

మీ బాబుకి ఇంకా చూపుంది కాబట్టి మీ దారి కాస్త వేరు. నల్ల స్కెచ్‌పెన్‌తో పెద్ద గడుల కాగితం మీద రాయించండి, గడికి ఒక అంకె. బోర్డును ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూసుకోనివ్వమని టీచరుని అడగండి. కానీ చూపు ఇంకా తగ్గేదే అని డాక్టరు చెప్పి ఉంటే, చూపు ఉన్నప్పుడే బ్రెయిలీ, అంటే వేలితో తడిమి చదివే ఆరు చుక్కల లిపి, మొదలుపెట్టండి. మేం ఆలస్యం చేశాం. ఒక ఏడాది చదువు ఆ ఆలస్యంలోనే పోయింది. గుడ్ల అట్టలోంచి ఆరు గుంటల ముక్క కత్తిరించి, నిమ్మకాయలు పెట్టి అక్షరాలు నేర్పాను.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు పిల్లలకు బ్రెయిలీ వల్ల ఒక గొప్ప లాభం ఉంది. మన దేశ భాషలకు వాడే భారతీ బ్రెయిలీలో ఒకే శబ్దానికి ఏ భారతీయ భాషలోనైనా దాదాపు అవే చుక్కలు. తెలుగు 'క' అన్నా ఒడియా 'క' అన్నా ఆరింటిలో 1, 3 నంబరు చుక్కలే. కంటితో చదివే పిల్లలకు ఆ రెండూ వేరు వేరు లిపులు. మా తమ్ముడికి వేలి కింద రెండూ ఒకటే. కానీ మాటలు ఒకటి కావు కదా. బడిలో 'క్షేత్రఫళ' అంటే ఇంట్లో నేను 'వైశాల్యం' అంటాను. వాళ్లు 'భగ్నాంశ' అంటే మనకది భిన్నం. కంప్యూటరు ఇంగ్లిష్‌లో 'ఫ్రాక్షన్' అంటుంది. చూపున్న పిల్లవాడు బొమ్మ చూసి ఈ మూడూ ఒకటే అని పట్టేస్తాడు. చూపు లేనివాడికి ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి. మేం ఒక నోటుబుక్కులో మూడు మాటలూ పక్కపక్కన బ్రెయిలీలో రాసుకున్నాం. గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలోనే బడిపంతులుగా ఉండి, సవర గిరిజన పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించాలని కొండలు తిరిగారు. మలేరియా వచ్చి, క్వినైన్ వాడకంతో చెవుడు వచ్చినా ఆ పని ఆపలేదు. ఆ నోటుబుక్కు రాసుకుంటున్నన్నాళ్లూ నాకు ఆయనే గుర్తొచ్చేవారు.

ఇక కంప్యూటరు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాం, పూర్తిగా ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని ఒక కుర్రాడు మొదలుపెట్టాడు, తర్వాత చూపులేని ఇంకో స్నేహితుడు కలిశాడు. దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగూ చదువుతుంది, ఒడియా కూడా చదువుతుంది. విండోస్ ఉన్న పాత లాప్‌టాప్ ఉంటే చాలు. ఆండ్రాయిడ్ ఫోన్లో అయితే అదే పని చేసే టాక్‌బ్యాక్ ఎలాగూ ఉంటుంది.

అయితే లెక్కల దగ్గర ఒక చిక్కుంది. మేం దానివల్ల నెలలు పోగొట్టుకున్నాం. పీడీఎఫ్‌లో సూత్రాలు చాలాసార్లు బొమ్మగా ఉంటాయి, రీడర్ అక్కడ మౌనంగా దాటిపోతుంది. లేదా ఎక్స్ స్క్వేర్ ఉన్నచోట 'ఎక్స్ టూ' అని చదువుతుంది. మా వాడు దాన్ని రెండుతో గుణించి, జవాబు కలవక, తనకే రాదేమోనని ఏడ్చాడు. తప్పు వాడిది కాదు, ఫైలుది. అదే సూత్రం వెబ్ పేజీలో మాథ్‌ఎమ్‌ఎల్ పద్ధతిలో, అంటే బొమ్మగా కాక కంప్యూటరుకి అర్థమయ్యేలా రాసి ఉంటే, ఎన్‌వీడీఏలో సూత్రాలు చదివే మాథ్‌క్యాట్ ఉంటే 'ఎక్స్ స్క్వేర్డ్' అని సరిగ్గా చదువుతుంది. పొడుగు సూత్రమైతే ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్), ఆల్ట్, ఎమ్ కలిపి నొక్కి లోపలికి వెళ్లి, బాణం కీలతో ముక్క ముక్కగా వినొచ్చు. లవం విడిగా, హారం విడిగా. వాడు మొదటిసారి అలా విన్నప్పుడు ఒకే సమీకరణాన్ని పదిసార్లు అటూ ఇటూ నడిచాడు.

గ్రాఫులకు డెస్మోస్ అనే వెబ్‌సైట్ ఉంది. గీత పైకి వెళ్తుంటే స్వరం హెచ్చుతుంది, కిందికి దిగితే తగ్గుతుంది. పారాబోలాని చెవితో పట్టుకోవచ్చు. నాకు నమ్మకం కలగలేదు గానీ వాడికి ఐదు నిమిషాల్లో అర్థమైంది. అది కూడా ఉచితమే.

బొమ్మలకు మేం వాడింది దారం, ఫెవికాల్. అట్ట మీద త్రిభుజం గీసి, గీత వెంబడి దారం అంటించి, మూలల్లో కందిపప్పు గింజ. కాంతి కిరణాలకు థర్మాకోల్ మీద గుండుసూదులూ ఊలు దారమూ. కార్బన్ పరమాణువుకి స్టీలు పళ్లెంలో రెండు వలయాలుగా మిరియాలు పేర్చాం, లోపల 2, బయట 4. ఢిల్లీ ఐఐటీ నుంచి వచ్చిన రైజ్‌డ్ లైన్స్ ఫౌండేషన్ వాళ్లు పాఠ్యపుస్తకాల బొమ్మలను ఉబ్బెత్తు గీతలతో తయారుచేస్తారు, మీ టీచరుకి ఆ పేరు చెప్పండి. పుస్తకాల కోసం చూపులేనివాళ్ల ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో బాబు పేరు నమోదు చేయించండి. ప్రయోగాల సంగతి బడిని బట్టి ఉంటుంది. రంగు మారిందో లేదో ఫోన్ కెమెరాతో చూసి సీయింగ్ ఏఐ యాప్ చెబుతుంది, వేడిని మాట్లాడే థర్మామీటరు చెబుతుంది. కానీ ఒక స్నేహితుణ్ణి పక్కన ఉంచి, సామాను వీడి చేతికే ఇవ్వమని చెప్పండి. పక్కన నిలబెట్టి వినిపిస్తే అది ప్రయోగం కాదు.

పరీక్ష గురించి ముందే చూసుకోండి. గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం 2018 మార్గదర్శకాల్లో చెప్పింది, ఇప్పటి నియమం బడిలో కనుక్కోండి. రాసిపెట్టే మనిషిని ముందే ఇంటికి పిలిపించి నాలుగు రోజులు కలిసి సాధన చేయించండి. మా వాడికి ప్రీ-ఫైనల్లో వచ్చినతను 'ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్' అన్నచోట 'హోల్' వదిలేసి చదివాడు. లెక్కంతా తప్పింది. ఆ తర్వాత నుంచి 'బ్రాకెట్ మొదలు', 'బ్రాకెట్ అయింది' అని చెప్పాలని ఒప్పందం పెట్టుకున్నాం.

లెక్కలు నామమాత్రంగా కానిచ్చేద్దాం అని బడివాళ్లు మళ్లీ అంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ చదివి వినిపించండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు 18 ఏళ్లదాకా పుస్తకాలు, పరికరాలు ఉచితంగా అందే ఏర్పాటు ప్రభుత్వమే చేయాలని అందులో ఉంది. మినహాయింపు అన్న మాట అక్కడ రెండో, మూడో భాషల గురించే వచ్చింది, లెక్కల గురించి కాదు. యూడీఐడీ కార్డు, అంటే వైకల్య గుర్తింపు కార్డు, లేకపోతే ఈ వారమే దరఖాస్తు పెట్టండి. చూపులేని మన తెలుగువాడే శ్రీకాంత్ బొల్లా ఇంటర్‌లో సైన్స్ కోసం కోర్టుకెళ్లి, తర్వాత ఎంఐటీలో చదివారు. బాబుకి ఆ సంగతి చెప్పండి, మా వాడు ఎన్నిసార్లు చెప్పించుకున్నాడో.

వాడిప్పుడు బరంపురంలో డిగ్రీ చదువుతున్నాడు, గణితం ఒక సబ్జెక్టు. మీరు రెండు విషయాలు రాయండి: బాబు ఎంత పెద్ద అక్షరం ఎంత దూరం నుంచి చదవగలడు, చూపు ఇలాగే నిలుస్తుందా తగ్గుతుందా అన్నదానిపై డాక్టరు ఏమన్నారు. దాన్ని బట్టి ముందు బ్రెయిలీయా, పెద్దక్షరాలా అన్నది చెబుతాను. మా టేలర్ ఫ్రేమ్ ఇంట్లో ఊరికే ఉంది. కావాలంటే పాతపట్నం వచ్చినప్పుడు తెచ్చిస్తాను.