కోర్సు అవగానే సెలూన్ పెట్టించాలా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. హెయిర్ స్టైలిస్ట్ అవుతానని పట్టుబడుతోంది. ఆరు నెలల కోర్సు చేయించి, నేను దాచిన డబ్బుతో సెలూన్ పెట్టిద్దామనుకుంటున్నాను. వాళ్ల నాన్నగారికి ఇష్టం లేదు. చదువుకున్న పిల్లకి ఈ పనేమిటని బాధపడుతున్నారు. ఇందులో భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: అమ్మా, భవిష్యత్తు ఉంది. కానీ ఆరు నెలల కోర్సు అవగానే సెలూన్ మాత్రం పెట్టించకండి. మీరు దాచిన డబ్బు ఇంకో నాలుగైదేళ్లు అలాగే ఉండనివ్వండి.

జుట్టు నెలకి ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పొట్టి క్రాఫు చేయించుకున్నవాళ్లు నాలుగైదు వారాలకల్లా మళ్లీ రావాలి. కలర్ వేయించుకున్నవాళ్లు మొదళ్లు తెల్లగా కనబడగానే రావాలి. ఈ వృత్తి ఆదాయమంతా ఇలా తిరిగి వచ్చేవాళ్ల మీదే నిలబడుతుంది. కొత్త సెలూన్‌కి ఆఫర్ చూసి మొదటి నెల జనం వస్తారు. వాళ్లలో ఎంతమంది మూడోసారి వచ్చి మీ అమ్మాయి కుర్చీలోనే కూర్చుంటామని అడుగుతారన్నదే అసలు లెక్క. ఆ నమ్మకం సంపాదించడానికి ఆరు నెలలు చాలవు.

మీవారికి విడాల్ ససూన్ అనే పేరున్న హెయిర్ స్టైలిస్ట్ గురించి చెప్పండి. ఆయన 1928లో లండన్‌లో పుట్టారు. పేదరికం వల్ల చిన్నతనంలో కొన్నేళ్లు అనాథాశ్రమంలో గడిపారు. 14 ఏళ్లకే ఒక సెలూన్‌లో అప్రెంటిస్‌గా చేరి, తలలు కడగడంతో మొదలుపెట్టారు. సొంత సెలూన్ తెరిచింది 1954లో. అంటే పని మొదలుపెట్టిన పన్నెండేళ్లకి. ఆ రోజుల్లో ఆడవాళ్లు వారం వారం సెలూన్‌కి వెళ్లి రోలర్లు చుట్టించుకుని, స్ప్రే కొట్టించుకుని వచ్చేవారు. తల కడిగి ఆరబెట్టుకుంటే చాలు, జుట్టు దానంతట అదే రూపానికి వచ్చే కట్‌లు ఆయన 1960లలో తెచ్చారు. ప్రపంచమంతా ఆ పద్ధతి నేర్చుకుంది. ఇంత ఆలోచన పట్టే పనిని చదువుకున్న పిల్ల చేయకూడదని నేను అనుకోను. చదువు దీనికి బాగా పనికొస్తుంది కూడా. ముఖ్యంగా కెమిస్ట్రీ.

కత్తిరింపు కన్నా కలర్ దగ్గరే పొరపాట్లు ఖరీదైనవి. కలర్‌లో కలిపే డెవలపర్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. డబ్బా మీద 10, 20, 30, 40 వాల్యూమ్ అని ఉంటుంది. అంటే అందులో పెరాక్సైడ్ వరసగా 3, 6, 9, 12 శాతం. తెల్లజుట్టు కప్పడానికి మామూలుగా 20 చాలు. తొందరపడి 40 వాడితే జుట్టు దెబ్బతింటుంది, మాడు మండుతుంది. ఇప్పటికే నల్ల రంగు వేసి ఉన్న జుట్టు మీద లేత రంగు వేసినంత మాత్రాన లేతబడదు. పాత రంగు తీయాలి. తీస్తే లోపలి నుంచి నారింజ ఛాయ బయటపడుతుంది. నారింజని నీలం అణుస్తుంది, పసుపుని ఊదా అణుస్తుంది. ఈ లెక్క పుస్తకంలో ఒక పేజీ. కుర్చీలో కూర్చున్న మనిషి పోయిన ఏడాది తలకి ఏం వేసుకున్నారో సరిగ్గా గుర్తులేదన్నప్పుడు నిర్ణయం తీసుకోవడం మాత్రం అనుభవజ్ఞుల పక్కన నిలబడితేనే వస్తుంది. అలాంటప్పుడు వాళ్లు ముందు ఒక చిన్న పాయ మీద వేసి చూస్తారు. ముదురు రంగుల్లో ఎక్కువగా ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు, ముఖం వాచిపోయేంత అలర్జీ రావచ్చు. అందుకే 48 గంటల ముందు ప్యాచ్ టెస్ట్ చేయాలి. కస్టమర్ తొందరపెట్టినా, టెస్ట్ లేకుండా వేయనని చెప్పగలిగే ధైర్యం మీ అమ్మాయికి రావాలి.

కట్‌లో కూడా అంతే. జుట్టు పాయని తల నుంచి ఏ కోణంలో పైకి లేపి కత్తిరిస్తున్నామన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. లేపకుండా కిందికి దువ్వి కోస్తే ఒకే పొడవు వస్తుంది, లేపి కోస్తే లేయర్స్ పడతాయి. తడి జుట్టు సాగుతుంది. రింగుల జుట్టు ఆరాక ఇంకా పైకి ముడుచుకుపోతుంది. ఇవి డమ్మీ తల మీద మొదలుపెట్టవచ్చు గానీ, సుడి ఎటు తిరిగిందో, నుదుటి దగ్గర జుట్టు ఎంత పలచనో చూసుకుని కోయడం మనుషుల తలల మీదే రావాలి. కాబట్టి కోర్సు ఎంచుకునేటప్పుడు భవనం, అద్దాలు చూసి డబ్బు కట్టకండి. నిజమైన తలల మీద ఎన్నిసార్లు చేయనిస్తారు, ఒక్కో టీచరు కింద ఎంతమంది ఉంటారు, నేర్పేవాళ్లు ఇప్పటికీ సెలూన్‌లో పని చేస్తున్నారా అని అడగండి. చాలా దేశాల్లో ఈ పనికి నిర్ణీత గంటల శిక్షణ, పరీక్ష, లైసెన్స్ తప్పనిసరి. అమ్మాయికి ఎప్పటికైనా విదేశాల ఆలోచన ఉంటే ఆ సర్టిఫికెట్ అక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి.

కోర్సు అయ్యాక రద్దీగా ఉండే మంచి సెలూన్‌లో అసిస్టెంట్‌గా చేరనివ్వండి. మొదట్లో తలలు కడగడం, నేల ఊడవడం, జీతం తక్కువ. ఇంట్లో టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే, నాన్నగారు మళ్లీ కోప్పడేదీ ఇప్పుడే. దయచేసి ఆ ఏడాది ఓపిక పట్టండి. ప్రతి కస్టమర్‌కి ఏ షేడ్, ఎంత డెవలపర్, ఎంతసేపు ఉంచారో సీనియర్ల దగ్గర చూసి నోట్‌బుక్‌లో రాసుకోమనండి. కస్టమర్ చూపించిన ఫొటోకి, ఆమె జుట్టుకి పొంతన లేనప్పుడు నొప్పించకుండా ఎలా చెబుతున్నారో గమనించమనండి.

ఒంటి సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. రోజంతా నిలబడటం, మోచేతులు ఎత్తి పని చేయడం వల్ల నడుము, భుజాలు పట్టేస్తాయి. కుర్చీ ఎత్తు తనకి తగ్గట్టు మార్చుకోవడం, చేతికి సరిపడే కత్తెర కొనుక్కోవడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి. నీళ్లు, షాంపూల వల్ల చేతుల చర్మం పగులుతుంది కాబట్టి గ్లవ్స్ మానకూడదు. వంకర జుట్టుని తిన్నగా (స్ట్రెయిట్‌గా) చేసే కొన్ని ట్రీట్‌మెంట్లలో వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. కస్టమర్ ఎప్పుడో ఒకసారి పీలుస్తుంది, స్టైలిస్ట్ రోజూ పీలుస్తుంది. అలాంటివి గాలి ఆడని గదిలో చేయించే చోట ఉద్యోగం వద్దనుకోండి.

తన కోసమే అడిగి వచ్చేవాళ్లతో వారంలో ఎక్కువ రోజులు నిండుతున్నాయంటే అప్పుడు సెలూన్ మాట ఎత్తవచ్చు. అప్పటికైనా నేరుగా పెద్దది వద్దు. ఎవరి సెలూన్‌లోనైనా ఒక కుర్చీ అద్దెకి దొరికితే కొంతకాలం అలా నడపడం మేలు. తర్వాత రెండు కుర్చీలు. ధరలు పక్క సెలూన్ బోర్డు చూసి పెట్టుకోకూడదు. అద్దె, జీతాలు, కరెంటు, సరుకు కలిపి, కుర్చీలో కస్టమర్ ఉండే గంటలతో భాగిస్తే ఒక్కో గంటకి ఎంత రావాలో తెలుస్తుంది. ఖాళీ కుర్చీకి కూడా అద్దె పడుతూనే ఉంటుంది కదా. కలర్‌ని కంటితో కాకుండా త్రాసు మీద తూచి కలపాలి, వృథా అక్కడే తగ్గుతుంది.

షాపు చూడటానికి వెళ్లినప్పుడు రంగులు, లైట్ల కన్నా నీళ్లు, డ్రైనేజీ, కరెంటు ముందు అడగండి. ఒక్క డ్రయర్ 1500 నుంచి 2000 వాట్ల దాకా లాగుతుంది. రెండు డ్రయర్లు, ఏసీ, గీజరు కలిపి నడిస్తే ఆ షాపు మీటరు తట్టుకుంటుందా? చేతిలో ఉన్నదంతా ఇంటీరియర్‌కి పెట్టేయకుండా ఆరు నెలల అద్దె, జీతాలు పక్కన ఉంచండి. శుభ్రత విషయంలో రాజీ వద్దు. దువ్వెనలు, కత్తెరలు ముందు కడిగి, తర్వాత క్రిమిసంహారక మందులో దాని మీద రాసినంత సేపు ఉంచాలి. రేజర్ బ్లేడు మనిషికొకటి, ఎందుకంటే హెపటైటిస్ బి, సి రక్తం ద్వారా అంటుకుంటాయి.

ఫీజు కట్టకముందు ఒక్క పని చేయించండి. తెలిసిన సెలూన్ ఎవరిదైనా ఉంటే అడిగి, ఈ సెలవుల్లో రెండు వారాలు అమ్మాయిని అక్కడ సాయానికి పంపండి. శని, ఆదివారాలు తప్పకుండా వెళ్లాలి. ఆ తర్వాత కూడా తన మాట ఇదే అయితే, మీరు చూసిన రెండు మూడు కోర్సుల వివరాలు, ఫీజులు నాకు రాసి పంపండి. ఏది మేలో చూసి చెబుతాను.