ట్రైలర్ మీద సెకండ్ డ్రైవర్: స్టీరింగ్ కంటే ముందు గొలుసు

“మా తమ్ముడు పటాన్‌చెరులో నలభై అడుగుల ట్రైలర్ మీద సెకండ్ డ్రైవర్‌గా చేరుతున్నాడు. రోజు ఎలా గడుస్తుంది, జీతం సరిపోతుందా?” అని అడిగారు. నేనూ అదే పనిలో ఉన్నాను, మా బండి ఆటోనగర్‌ది. జీతం సంగతి చివర్లో చెబుతాను. హెవీ లైసెన్స్ చేతికొచ్చిందంటే మీ తమ్ముడికి బండి తోలడం ఎంతో కొంత వచ్చే ఉంటుంది. ఇక అతను నేర్చుకోవాల్సినవి రెండు: లోడు కట్టడం, కదిలే బండిలో నిద్రపోవడం. ఈ రెండూ రాని సెకండ్ డ్రైవర్ బండిలో ఉన్నా లేనట్టే.

మామూలు లారీకి చుట్టూ బాడీ ఉంటుంది, సరుకు అటూ ఇటూ కదిలినా అందులోనే పడి ఉంటుంది. మా బండికి ఉన్నది బల్ల ఒక్కటే. దాని మీద ఇనుప ప్లేట్లు, పైపులు, మెషీన్లు. వాటికీ రోడ్డుకీ మధ్య ఉన్నది మనం కట్టిన గొలుసు, బిగించిన బెల్టు, అంతే. ఇంకో మాట, ఇనుము మీద ఇనుము సబ్బులా జారుతుంది. బ్రేకు కొడితే అది వచ్చేది ముందుకే, అంటే మన క్యాబిన్‌లోకే.

నాకు ఇది పూర్తిగా అర్థమైంది ఆదిలాబాద్ దగ్గర. భిలాయ్‌లో ప్లేట్లు ఎక్కించుకుని నాగపూర్ మీదుగా జీడిమెట్లకు వస్తున్నాం. లోడింగ్ దగ్గర క్రేన్ వాడికి తొందర, వెనక బండివాడు ఒకటే హారన్. మా ఉస్తాద్, అంటే బండి మెయిన్ డ్రైవర్, ఎవరినీ లెక్కచెయ్యలేదు. ప్లేట్ల మధ్య చెక్కలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి వచ్చేదాకా మళ్ళీ ఎత్తించాడు. అంచు తగిలే ప్రతిచోటా పాత టైరు ముక్కలు పెట్టించాడు, లేకపోతే ఆ అంచుకు బెల్టు తెగుతుంది. అంతా అయ్యాక “ఇంకో రెండు గొలుసులు తే తమ్మీ” అన్నాడు. ఆ రెండూ ముందు భాగం నుంచి ఏటవాలుగా వెనక్కి లాగి, బిగించే పిడికి పైపు తొడిగి బిగించాం. గేటు దాటిన గంటకే పక్కన ఆపించి మళ్ళీ బిగించాడు. బండి కాస్త ఊగాక లోడు సర్దుకుంటుంది, గొలుసు వదులవుతుంది. బయల్దేరేటప్పుడు ఎంత బిగించినా సరే, ఆ మొదటి ఆపు తప్పనిసరి.

అది పత్తి సీజన్. రాత్రి గుడిహత్నూర్ దాటాం. స్టీరింగ్ నా చేతిలో ఉంది, ఉస్తాద్ వెనక బెర్తు మీద పడుకున్నాడు. ముందు ఒక ట్రాక్టర్. వెనక లైటు లేదు, ఎర్ర స్టిక్కర్ కూడా లేదు, పత్తి రెండు పక్కలా పొంగి లేను మొత్తం కమ్మేసింది. హెడ్‌లైట్ వెలుగులో తెల్లగా ఒక గోడ కనిపించింది. బ్రేకు తొక్కాను. వెనక ట్రైలర్ పక్కకు తోసుకు రాకుండా స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నాను. వెనక నుంచి గొలుసులు బిగుసుకున్న చప్పుడు ఒక్కసారి ఖంగుమంది. బండి ఆగింది. ట్రాక్టర్ వాడు వెనక్కి కూడా చూడకుండా పోయాడు.

బెర్తు మీద నుంచి ఉస్తాద్ అడిగింది ఒక్కటే. “లోడు కదిలిందా?”

“లేదు ఉస్తాద్.”

“దిగి చూసి చెప్పు.”

టార్చి పట్టుకుని చుట్టూ చూశాను. ఒక చెక్క చీలింది. ప్లేటు మాత్రం అంగుళం కదల్లేదు. మెల్లగా రోల్‌మామ్డా టోల్ దాకా తోలి, అక్కడ ఇద్దరం కలిసి చెక్క మార్చి అన్నీ మళ్ళీ బిగించాం. ఉస్తాద్ వెళ్ళి పడుకున్నాడు. బండి టాప్ గేరుకి రాకముందే గురక. నా డ్రైవింగ్ గురించి ఆయన ఏనాడూ మెచ్చుకోలేదు. కానీ అంత జరిగాక కూడా నా చేతిలో బండి పెట్టి నిద్రపోయాడు. టీం అంటే అదే. రాత్రి రెండు నుంచి తెల్లవారుజామున ఐదు వరకు బండి ఆయనే తోలతాడు, ఆ టైంలో నేను పడుకోవాలి, ఫోన్ చూస్తూ కూర్చుంటే తిడతాడు. తిట్టాల్సిందే. పగలు నా వంతు వచ్చేసరికి నా కళ్ళు మూతపడితే ఇద్దరమూ పోతాం.

రాష్ట్రాలు దాటి తిరిగే నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలని ఒకప్పుడు రూలే ఉండేది, తర్వాత తీసేశారు. అప్పటి నుంచి ఓనర్లకు సెకండ్ డ్రైవర్ అంటే దండగ ఖర్చు. జీపీఎస్ ఉంది కదా అంటారు. జీపీఎస్ బండి ఎక్కడుందో చెబుతుంది, డ్రైవర్ ఎన్ని గంటల నుంచి నిద్రపోలేదో చెప్పదు. మోటారు కార్మికుడి పని రోజుకు 8 గంటలే అని 1961లోనే చట్టం చేశారు. హైవే మీద దాన్ని చూసినవాడు నాకు ఇంతవరకు తగల్లేదు.

రోజు ఎలా గడుస్తుందని కదా అడిగారు. నిజానికి తోలేదాని కంటే ఆగి ఉండేదే ఎక్కువ. ఫ్యాక్టరీ గేటు ముందు లైను, బండి తూకం వేసే కాటా దగ్గర లైను, పగలు సిటీలో నో ఎంట్రీ కాబట్టి రాత్రి దాకా బయటే. చాలా గేట్ల ముందు డ్రైవర్లకు బాత్‌రూం ఉండదు, తాగేందుకు నీళ్ళు కూడా ఉండవు. కోట్ల సరుకు తెచ్చిన మనిషికి ఒక కుళాయి పెట్టలేరా? సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లు, దాని గడువు మాత్రం 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన పరుగెడుతూనే ఉంటుంది. అన్‌లోడింగ్ ఆలస్యమై గడువు దాటేలా ఉంటే పొడిగించాల్సింది ఆఫీసులో కూర్చున్నవాళ్ళు, చెకింగ్‌లో చిక్కి రోడ్డు మీద పడుకునేది మేము. క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు, మంచి పని, కానీ అది 2025 అక్టోబర్ 1 నుంచి తయారైన బండ్లకే. పాత బండివాడికి మే నెల అలాగే ఉంది. ఇక ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎడమ లేనులో కారు ఆపి ఫోటోలు దిగేవాళ్ళకు చేతులెత్తి దండం పెడుతున్నాను. లోడు మీదున్న ట్రైలర్ మీ కారులా ఆగదు, దయచేసి అక్కడ ఆపకండి.

జీతం ఒక్కో ఓనరు ఒక్కో రకంగా ఇస్తాడు, అంకె చెప్పి లాభం లేదు. మీ తమ్ముడిని ఫోన్‌లో మాట్లాడి ఒప్పుకోవద్దనండి, లారీ ఆఫీసుకి పోయి మూడు విషయాలు అడగమనండి. బత్తా ఇద్దరికీ విడివిడిగా ఇస్తారా, లేక ఒకరిది ఇద్దరూ పంచుకోవాలా? గేటు ముందు ఆగిన రోజులకు పార్టీ ఇచ్చే హాల్టింగ్‌లో డ్రైవర్లకు ఎంత? ట్రిప్ షీట్ మీద సెకండ్ డ్రైవర్ పేరు రాస్తారా? మూడోది తేలకపోతే బండి ఎక్కొద్దనండి. రేపు ఏదైనా జరిగితే ఆ బండిలో అతను పని మీద ఉన్నాడని చూపించడానికి ఇంట్లోవాళ్ళ చేతిలో ఉండేది ఆ కాగితమే.